సినిమా బయటి పాట

ఒడిశా సరిహద్దును ఆనుకున్న మన పాతపట్నంలో కుర్రాళ్లు సినిమా పాటలతోనే సరిపెట్టుకోవడం లేదు. అందుకే ఈ సంచిక తెలుగు ఇండీ, రాక్ పాటలకు.

హైదరాబాద్ బ్యాండ్ ‘చౌరస్తా’ పాట ‘ఊరెళ్ళిపోతా మామ’ ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. పని కోసం వలసపోయిన మన సిక్కోలు పిల్లల గుండెలో మాట అది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడి ఇంటింటికీ తెలిశారు. సంతోషమే. నాకు మాత్రం ఆయన బ్యాండు పాటలే ఎక్కువ ఇష్టం. ఏ హీరో కోసమూ కట్టినవి కావవి.

పార్వతీపురం దగ్గర పుట్టి, 2020లో కన్నుమూసిన జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు కూడా అలాగే కదా, గజ్జె కట్టి జనం మధ్య పాడారు! జముకు వాద్యం పక్కన ఎలక్ట్రిక్ గిటార్ మోగే ఆల్బమ్ ఒకటి మన జిల్లా నుంచి రావాలి. కడుతున్నవాళ్లు పాటలు పంపండి, విని రాస్తాం.