జాడీ మారినా ఊరగాయ మారకూడదు

కిందటి నెల ఒక ఆదివారంనాడు, ఇంకా కాఫీ గ్లాసు కింద పెట్టకముందే, రాజమండ్రినుంచి మా అత్తగారు ఫోను చేశారు. "అల్లుడుగారూ, మీ మామగారు మైకు పుచ్చుకునేసరికి బొమ్మ ఆగిపోతున్నదండీ" అన్నారు. ఆ గొంతు వినగానే ఇది కరెంటు సంగతీ కాదు, టీవీ సంగతీ కాదు అని నాకు తెలిసిపోయింది.

సంగతి చిత్తగించండి. 2012లో గోదావరి గట్టున మా మామగారికి షష్టిపూర్తి జరిగింది. వీడియో తీసినాయన మూడు నెలలు తిప్పించుకుని, చివరికి ఒక బ్లూరే డిస్కు చేతిలో పెట్టాడు. అప్పట్లో అది గొప్పే. వీధిలో అందరివీ డీవీడీలు, మాది బ్లూరే! మామగారు 2019లో కాలం చేశారు. ఆయన గొంతు నాలుగు నిమిషాలపాటు వినబడేది ఈ లోకంలో ఆ ఒక్క డిస్కులోనే. తీసినాయన దుకాణం ఎప్పుడో ఎత్తేశాడు. అసలు కార్డులంటారా, ఆ మరుసటి ముహూర్తానికే చెరిపేసి మరొకరి పెళ్ళి ఎక్కించి ఉంటాడు. అది ఆ వృత్తిలో మామూలే.

మా బావమరిది నాకంటే చురుకైనవాడు. నాతో చెప్పకుండానే డిస్కు పట్టుకుపోయి ఒక దుకాణంలో ఇచ్చాడు. వాళ్ళు, "ఇరవై ఒక్క జీబీ ఎందుకు సార్, రెండు జీబీల్లో సర్దేసి పెన్ డ్రైవులో వేసి ఇస్తాం, సెల్‌ఫోనులో కూడా చూసుకోవచ్చు" అన్నారట. మచ్చుకు ఒక అయిదు నిమిషాల ముక్క చేసి ఇచ్చారు కూడాను. చూశాను. తలంబ్రాలు పోసుకుంటున్న చోట బియ్యపు గింజలన్నీ కలిసిపోయి ఉప్మా అయినాయి. హోమం పొగ గళ్ళ తుండుగుడ్డలా కనబడ్డది. అత్తగారు చెయ్యెత్తినప్పుడల్లా గాజుల చుట్టూ దువ్వెన పళ్ళలాంటి గీతలు. "బావా, ఏమంత తేడా లేదు గదా?" అన్నాడు బావమరిది. నేను మాట్లాడకుండా డిస్కు వెనక్కు తీసుకున్నాను.

ఈ వారం చెప్పబోయేది ఆ తేడా గురించే. ఇలాంటి డిస్కులు మీ బీరువాల్లోనూ ఉండే ఉంటాయి.

వీడియో అంటే సెకనుకు ఇరవై అయిదు ఫొటోలు అనుకుంటాం. ఆ ఫొటోలన్నీ ఉన్నవి ఉన్నట్టు దాస్తే, రెండు గంటల ఇరవై నిమిషాల మా షష్టిపూర్తి 650 జీబీ అవుతుంది. ఏ డిస్కూ పట్టదు. అందుకని కెమెరావారూ, డిస్కు తయారుచేసేవారూ ఒక ఉపాయం చేస్తారు. ఒక బొమ్మ పూర్తిగా దాచి, తరవాత వచ్చే బొమ్మల్లో "ఇదివరకటిదే, పురోహితుడి చెయ్యి మాత్రం కాస్త ఎడమకు జరిగింది" అని మార్పులు మాత్రం రాసుకుంటారు. కంటికి ఆనని వివరాలు కొన్ని వదిలేస్తారు. మళ్ళీ కాసేపటికి మరో పూర్తి బొమ్మ. ఇలా 650 జీబీ కాస్తా 21 జీబీ అయి కూర్చుంటుంది. అంటే మన చేతికి వచ్చేనాటికే అది ముప్ఫయి వంతుల్లో ఒక వంతు. దాన్ని మళ్ళీ విప్పి, మళ్ళీ నొక్కి, రెండు జీబీలు చేస్తే ఏమవుతుంది? మొదటివాడు వదిలేసినవి ఎలాగూ రావు. రెండోవాడు వాటికి తోడు తనవంతు మరి కొన్ని వదిలేస్తాడు. అన్నిటికంటె ముందు దెబ్బ తినేవి తలంబ్రాలు, పొగ, నీళ్ళ తుంపరలు. క్షణక్షణానికీ ప్రతి చుక్కా మారిపోయే చోట "ఇదివరకటిదే" అనడానికి వీలుండదు గదా.

ఇక దువ్వెన పళ్ళ సంగతి. మన పెళ్ళి కెమెరాల్లో చాలావాటికి ఒక్కొక్క బొమ్మను సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తియ్యటం అలవాటు. టీవీకి ఆ సంగతి తెలుసు, సర్దుకుంటుంది. తిరిగి నొక్కేవాడు అది చూసుకోకపోతే రెండు క్షణాల గీతలూ ఒకే బొమ్మలో చిక్కుకుని ఇలా పళ్ళిగిలిస్తాయి. ఇది చేసింది యంత్రం కాదు సుమా, తొందర.

మరి నొక్కకుండా మార్చడం ఎలాగంటారా? మా అమ్మ ఊరగాయ జాడీ మార్చేటప్పుడు చూసేవాణ్ణి. పాత జాడీ బీట వేస్తే, కొత్తది కడిగి, ఎండబెట్టి, పొడి గరిటెతో ఉన్న ముక్క ఉన్నట్టు తీసి అందులోకి దించేది. కారం కలపదు, నూనె పొయ్యదు. వీడియోకు కూడా సరిగ్గా అంతే. లోపలి బొమ్మల అంకెల్ని విప్పకుండా, వాటిని పట్టి ఉంచిన డబ్బాను మాత్రం మార్చటం. దీనికి రీమక్సు అని పేరు. 'మేక్ ఎమ్‌కేవీ' అనే ప్రోగ్రాము ఈ పని చేసి ఎమ్‌కేవీ అనే డబ్బాలో పెడుతుంది. ఆ డబ్బా అసలు పేరు మత్రోష్కా. బొమ్మలో బొమ్మ, అందులో ఇంకో బొమ్మ ఉండే రష్యా కొయ్యబొమ్మల పేరునుంచి వచ్చింది. బొమ్మ, ధ్వని, అక్షరాలు, అధ్యాయాల గుర్తులు అన్నీ ఒకే ఫైలులో ఇముడుతాయి. పోయేది మొదట్లో వచ్చే ఎంపికల పట్టిక ఒక్కటే. మా డిస్కులో ఆ పట్టిక వెనక ఒక సినిమా పాట మోగుతూ ఉండేది. అది పోయినందుకు నాకు విచారం లేదు.

అన్నట్టు, ఇక్కడ చాలామంది పడే గోతులు రెండున్నాయి. డిస్కు తెరిస్తే బీడీఎమ్‌వీ అనే ఫోల్డరు, అందులో మరికొన్ని కనబడతాయి. వాటిలో ఒకదాని పేరు బ్యాకప్. ఆ పేరు చూసి, "ఆహా, వాళ్ళే దాచి ఉంచారు, ఇది తీసుకుంటే చాలు" అనుకుంటారు. అందులో ఉండేవి సూచికలకు నకళ్ళు మాత్రమే. అసలు బొమ్మ స్ట్రీమ్ అనే ఫోల్డరులో ఉంటుంది. సరే, స్ట్రీమ్‌లో అన్నిటికంటె పెద్ద ఫైలు ఎత్తుకుపోతే సరిపోతుంది కదా అంటారు. అదీ నమ్మకం లేదు. ఒకే కథను నాలుగయిదు ముక్కలుగా పెట్టి, ఏ ముక్క తరవాత ఏ ముక్కో ప్లేలిస్టులో రాస్తారు. పెద్ద ముక్క ఒక్కటే తెచ్చుకున్నవాడికి మంగళసూత్రం దొరికి, అక్షింతలు దొరక్కపోవచ్చు. కాబట్టి ప్రోగ్రాములో తెరిచి, పూర్తి నిడివి ఉన్న ప్లేలిస్టు ఏదో చూసుకుని, అది ఎంచుకోవాలి. పట్టికతో సహా యథాతథంగా కావాలంటే, డిస్కు మొత్తానికీ అచ్చు తీసినట్టు ఒకే ఫైలుగా ఐఎస్ఓ చేసుకోవచ్చు. చోటుంటే రెండూ ఉంచుకోమంటాను నేను.

దుకాణంలో కొన్న సినిమా డిస్కుల మాట వేరు. వాటికి ఏఏసీఎస్ అనే తాళం ఉంటుంది. మన ఇంటి శుభకార్యాల డిస్కులకు మామూలుగా ఆ తాళం ఉండదు. కొన్న డిస్కు నాదే గదా, నా సొంతానికి నకలు తీసుకుంటే తప్పేమిటి అని ప్రతివాడూ అడుగుతాడు. అమెరికాలో 1998 నాటి చట్టం తాళం తియ్యడాన్నే నిషేధించింది. ఇంగ్లండులో సొంత నకళ్ళకు 2014లో అనుమతి ఇచ్చారు, 2015లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మన కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవారికి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా అంటున్నది. ఆ 'ఉద్దేశం' అన్న మాట మీద ప్లీడర్లు ఎంతసేపైనా వాదించగలరు. నేను ప్లీడరును కాను. అనుమానమున్నవారు నన్నుగాక వారినే అడగాలి. నకలు తీసి ఊరంతా పంచేవారికి మాత్రం అనుమానం అక్కరలేదు, అది తప్పే.

మళ్ళీ మా డిస్కు దగ్గరికి వద్దాం. డీవీడీలో అంకెలు ఉండే పొర పైనుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూరేలో 0.1 మిల్లీమీటరు లోతునే. అందుకే పైన గట్టి పూత పూస్తారు. అయినా పదమూడేళ్ళపాటు ప్రతి పండగకూ తీసి చూసిన డిస్కు అది. చదవటం లోపలి అంచునుంచి మొదలై బయటి అంచుకు పోతుంది. మనం వేళ్ళతో పట్టుకునేది బయటి అంచు. కార్యక్రమంలో ఆఖరున మాట్లాడినవారు మామగారు. కాబట్టి వారి మాటలు ఉన్నది సరిగ్గా మన వేళ్ళ కింద! అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆ డిస్కును ఇన్నిసార్లు తీసిందెవరని మొదలవుతుంది.

మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు నిలువుగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే గీత పడ్డప్పుడు ఆ గీత అంకెల వరస వెంటే పోతుంది. నా డ్రైవులో పెడితే ఎనభై శాతం చదివి మొరాయించింది. మామూలుగా కాపీ చేస్తే ఇంతే. ఒక్క చోట చదవలేకపోతే మొత్తం పని వదిలేస్తుంది. దీనికి 'డీడీరెస్క్యూ' అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉన్నది. దాని పద్ధతి నాకు చాలా నచ్చింది. ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుంటుంది. రానివి ఎక్కడెక్కడున్నాయో ఒక చిట్టాలో రాసుకుంటుంది. తరవాత తీరిగ్గా ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్ళి మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. చిట్టా ఉన్నది కనుక మధ్యలో ఆపి, డిస్కును మరో డ్రైవులో పెట్టి, వదిలిన చోటునుంచి సాగించవచ్చు. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవటం కద్దు. మా పక్కింటాయన దగ్గర పాత డ్రైవు ఒకటి అరువు తెచ్చాను. రాత్రంతా అది గొణుగుతూనే ఉన్నది. నిద్ర మానుకుని నేనూ కూర్చున్నాను, నా వల్ల దానికి ఏ సాయమూ లేకపోయినా.

తెల్లవారేసరికి మిగిలినవి 416 సెక్టర్లు. సెక్టరుకు 2048 బైట్ల చొప్పున ఎనిమిదిన్నర లక్షల బైట్లు. ఇరవై ఒక్క జీబీల్లో అదెంత! బొమ్మ నిడివిలో చెప్పాలంటే సెకనులో మూడో వంతు. తరవాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా కాస్త గళ్ళు కనబడతాయి, అంతే. అదే ఐఎస్ఓలోంచి రీమక్సు చెయ్యటానికి కొన్ని నిమిషాలు పట్టింది. తిరిగి నొక్కే పని లేదు గనుక యంత్రానికి శ్రమ లేదు.

తరవాత నకళ్ళు. మొదట పెన్ డ్రైవులో వెయ్యబోతే పట్టదన్నది. పాత పద్ధతిలో ఫార్మాటు చేసిన పెన్ డ్రైవులు ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటితే తీసుకోవు, లోపల ఎంత చోటున్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాక తీసుకున్నది. ఇంట్లో ఒక హార్డు డిస్కులో ఒకటి, అత్తగారి దగ్గర ఒకటి, డల్లాస్‌లో ఉన్న మేనల్లుడి పెట్టెలో ఊరగాయ సీసాల మధ్య ఒకటి. ప్రతి నకలుకూ చెక్‌సమ్ సరిచూశాను. ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఇచ్చే ఒక అంకె అది. ఒక్క బైటు తేడా వచ్చినా అంకె మారిపోతుంది. మూడూ ఒకటే వచ్చినాయి. కొత్త బ్లూరే డిస్కుకు ఎక్కించుదామనే ఆలోచన మాత్రం మానుకున్నాను. రికార్డు చేసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ కంపెనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది. నాలుగేళ్ళ తరవాత చదివే డ్రైవుకోసం వెతుక్కోవటం నాకిష్టం లేదు.

పోయిన వారం రాజమండ్రి వెళ్ళి టీవీకి తగిలించాను. అత్తగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. మామగారు మైకు పుచ్చుకున్నారు. బొమ్మ ఆగలేదు. అందరికీ నమస్కారం చెప్పి, "అరవై ఏళ్ళొచ్చాయి కనుక ఇవాళ ధైర్యం చేసి చెబుతున్నాను, మా ఆవిడ పులుసులో ఉప్పు..." అన్నారు. సరిగ్గా అక్కడ గళ్ళు. ఒక అక్షరం ఎగిరిపోయింది. మిగిలింది "...క్కువ!" అని, ఆ వెంటనే మండపమంతా నవ్వులు.

"తక్కువ అన్నారండీ" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనకు బీపీ కదా, నేనే తగ్గించి వేసేదాన్ని. మళ్ళీ ఒకసారి పెట్టండి."

మళ్ళీ పెట్టాను. మా బావమరిది మాత్రం ఎక్కువ అనే అన్నారంటున్నాడు.