మధ్యలో బాలు లేడేంట్రా?

ఈమధ్య కొత్త స్పీకర్లు కొనాలని గట్టిగా తీర్మానించుకున్నాను. ఎందుకంటారా? ఇంట్లో 'శంకరాభరణం' (1980) పాటలు పెడితే మృదంగం డొల్లగా, బాలు గొంతు గోడల్లో ఎక్కడో తప్పిపోయినట్టుగా వినిపిస్తోంది. నెల జీతం పోతే పోయిందని చెప్పులేసుకుంటుంటే మా అమ్మ ఆపింది.

"ఒరేయ్, రెండు పక్కలా వినిపిస్తున్నాడు గానీ మధ్యలో బాలు లేడేంట్రా?"

చూద్దును గదా, ఒక స్పీకరు వెనకాల ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారు! ఒకదాని కోను ముందుకొస్తుంటే రెండోదానిది వెనక్కి పోతోంది. దాంతో ఒకదాని బేస్‌ను రెండోది మింగేస్తోంది. సంక్రాంతికి బూజులు దులిపి వైర్లు తగిలించిన మహానుభావుణ్ని నేనే లెండి! ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది బిగించాను. మృదంగానికి ప్రాణం లేచొచ్చింది.

ఊరుకుంటానా? మూలన పెడితే బేస్ ఉబ్బి గొంతును కప్పేస్తుంది కదా, స్పీకర్లను గోడకు రెండడుగులు ఇవతలికి జరిపాను. ట్వీటర్లు చెవి ఎత్తుకొచ్చేలా కింద స్టూళ్లు వేశాను. వాటి మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ నా కుర్చీకీ అంతే దూరం. గచ్చు మీద జంపఖానా పరిస్తే గోల తగ్గింది. ఖర్చు? దమ్మిడీ లేదు!

బాలు 2020లో మనల్ని విడిచి వెళ్లారు. గొంతు మాత్రం ఆ సాయంత్రం మా నట్టింట్లో, సరిగ్గా మధ్యలో నిలబడింది. అమ్మ మాట్లాడలేదు, కళ్లు తుడుచుకుంది.

మీరూ కొనబోయే ముందు ఓసారి వెనకాల వైర్లు చూసుకోండి. మిగిలిన డబ్బుతో ఎన్ని సినిమాలు చూడొచ్చో ఆ తర్వాత లెక్కేసుకుందాం!