భుజాన సైకిల్‌... బురదలో పరుగు!

వానాకాలం. నల్లరేగడి డొంక. సైకిల్‌ నాలుగు గజాలు కదిలేసరికి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య బంకమన్ను బిగుసుకుపోతుంది. చక్రం తిరగదు. దిగి, పుల్లతో మన్ను గెలికి, మళ్లీ ఎక్కితే... మళ్లీ అదే తంతు. ఇక లాభం లేదని సైకిల్‌ని భుజానికెత్తుకుని ఊరు చేరడమే. పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు.

సరిగ్గా ఇదే పనిని డబ్బు కట్టి, చొక్కాకి నంబరు గుచ్చుకుని, వణికించే చలిలో ఆదివారం పూట చేసేవాళ్లున్నారంటే నమ్ముతారా? బెల్జియం, నెదర్లాండ్స్‌, అమెరికాల్లో వేలమంది ఉన్నారు. వాళ్ల ఆట పేరు సైక్లోక్రాస్‌. సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగుతుంది. అంటే వానా, చలీ, బురదా దండిగా దొరికే రోజులన్నమాట!

రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టుదారి. అందులో పచ్చిక, బురద, ఇసుక, తొక్కడానికి వీల్లేనంత నిటారు గట్టు. చాలాచోట్ల దారికి అడ్డంగా చెక్క పలకలు నిలబెడతారు. ఎత్తు 40 సెంటీమీటర్లకి మించకూడదు. పరుగు ఆపకుండా సైకిల్‌ దిగి, దాన్ని చేత్తో ఎత్తి, పలకలు దూకి, మళ్లీ సీటు మీదకి ఎగిరి కూర్చోవాలి. గట్టు వస్తే సైకిల్‌ భుజం మీదకి వెళుతుంది. టైరు లావుగా ఉంటే బురదలో సుఖం కదా అనిపించవచ్చు. ఆ సుఖానికీ హద్దుంది. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఈ పిచ్చి పుట్టింది ఫ్రాన్స్‌లో. చలికాలంలో రోడ్డు రేసులుండవు. ఒంట్లో సత్తువ తగ్గకుండా అక్కడి సైకిల్‌ వీరులు పొలాలకి అడ్డంపడి, కంచెలు దాటి ఒక ఊరి నుంచి మరో ఊరికి పందెం వేసుకునేవాళ్లట. డానియెల్‌ గూసో అనే సైనికుడు దాన్ని ఓ పద్ధతిలో పెట్టి 1902లో తొలి జాతీయ పోటీ నడిపించాడు. 1910లో టూర్‌ డి ఫ్రాన్స్‌ గెలిచిన ఆక్టావ్‌ లాపీజ్‌ తన విజయంలో ఈ బురద సాధనకీ వాటా ఉందన్నాక దీని పేరు మార్మోగింది. తొలి ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో జరిగింది. గెలిచింది జాన్‌ రోబిక్‌. 1947 టూర్‌ విజేత కూడా ఆయనే. ఆడవాళ్లకి మాత్రం ప్రపంచ పోటీ కోసం 2000 సంవత్సరం దాకా ఆగాల్సొచ్చింది. బురదకి లేని భేదం మనుషులకెందుకో!

సరే, వీరుల సంగతి వదిలేద్దాం. అసలు సరదా మామూలు జనం దిగే రేసుల్లో ఉంది. అమెరికాలో ఒరెగాన్‌ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌ ఇందుకు పెట్టింది పేరు. క్రాస్‌ క్రూసేడ్‌ అనే పోటీల వరసకి ఒక్కరోజే వెయ్యిమందికి పైగా వచ్చిన సందర్భాలున్నాయి. ఆస్టోరియా పట్టణంలో హాలోవీన్‌ రోజుల్లో పెట్టిన పోటీకైతే రకరకాల వేషాలు కట్టుకుని మరీ వచ్చారు. వయసునిబట్టీ, అనుభవాన్నిబట్టీ జట్లు. పిల్లలకో పోటీ, యాభై దాటినవాళ్లకో పోటీ.

తొలిసారి బరిలోకి దిగిన ఓ మామూలు ఉద్యోగిని ఊహించుకోండి. వయసు నలభై. ఇంటి దగ్గర నెలరోజులు సాధన చేశాడు. చక్రాల్లో గాలి ఎంతుండాలన్న దానిమీద పదిమందిని పది సలహాలడిగాడు. గాలి ఎక్కువైతే బురదలో జారుతుంది, మరీ తగ్గిస్తే రాయి తగిలి పంక్చరవుతుంది. ఈ ఆటలో ఇంతకన్నా పెద్ద చర్చ మరోటి లేదు.

ఈల మోగింది. అందరూ ఒకేసారి తొక్కారు. మొదటి మలుపుకే అతని గుండె గొంతులోకొచ్చింది. రెండో చుట్టుకి నోట్లో బురద, కాళ్లలో సీసం. పలకల దగ్గర ఎగిరి కూర్చోబోయి సీటు తప్పి ముందు కడ్డీ మీద పడ్డాడు. ఆ బాధ మగవాళ్లకే తెలుసు! దారి పక్కన జనం గొర్రెల మెడకి కట్టేలాంటి పెద్ద గంటలు మోగిస్తూ నవ్వుతున్నారు. అందులో ఎగతాళి ఉంది, ఆపేక్షా ఉంది. ఎవరో డాలరు నోటు చాచి పట్టుకుంటే, ముందు వెళుతున్నవాడు అంత రొప్పులోనూ లాక్కుపోయాడు.

రోడ్డు రేసులో వెనకబడినవాడికి దిక్కుండదు. గుంపు వెళ్లిపోయాక ఆ దారిలో అతనూ, అతని నీడా. ఇక్కడ అలాక్కాదు. దారి ఒక్క మైదానంలోనే మెలికలు తిరుగుతుంది కాబట్టి ఆఖరివాడూ జనం మధ్యే ఉంటాడు. పదో స్థానంవాడికి తొమ్మిదో స్థానంవాడితో, అరవై రెండో వాడికి అరవై ఒకటో వాడితో పోరు. మన ఉద్యోగి శత్రువు ఎర్రచొక్కా ఆసామి. మూడు చుట్లుగా ఇసుకలో అతను ముందుకెళుతున్నాడు, గట్టుమీద పరుగులో ఇతను అందుకుంటున్నాడు.

అసలు పరీక్ష చివర్లో వస్తుంది. పెద్ద పోటీల్లో మరీ వెనకబడినవాళ్లని నిర్వాహకులే పక్కకి తప్పిస్తారు. మామూలు పోటీల్లో ఎక్కువగా అలా చెయ్యరు. మొదటివాడు ముగింపు గీత దాటాక, ఆ తర్వాత గీత చేరినవాళ్లెవరికైనా ఎన్ని చుట్లు మిగిలున్నా అక్కడితో సరి. కానీ వాడికంటే ఒక్క క్షణం ముందు గీత దాటారా... ఇంకో పూర్తి చుట్టు తొక్కాల్సిందే!

మన ఉద్యోగి వెనక్కి తిరిగి చూశాడు. మొదటివాడు తన చివరి చుట్టు ముగించడానికి దూసుకొస్తున్నాడు. పది సెకన్లు నెమ్మదిస్తే చాలు, ఈ నరకం ముగిసిపోతుంది. ఎవరూ తప్పుపట్టరు. చైను సర్దుకున్నట్టు కాస్త నటించినా అడిగేవాడు లేడు. తొలి పోటీలో చాలామంది ఇక్కడే బ్రేకు మీద వేలేస్తారు. నిజం చెప్పాలంటే పాత కాపులు కూడా!

కానీ ఎర్రచొక్కా ఆసామి అప్పుడే గీత దాటేశాడు. వాడు ఇంకో చుట్టుకి వెళుతున్నాడు. ఆగిపోతే వాడికంటే ఒక చుట్టు తక్కువ. ఇతను పళ్లు బిగించి నాలుగు తొక్కులు తొక్కాడు. మొదటివాడికి మూడు గజాల ముందు గీత దాటాడు. వెనక విజేతకి చప్పట్లు మోగుతుంటే, ముందు మూడు కిలోమీటర్ల బురద.

ఆ ఆఖరి చుట్టులో మైదానం దాదాపు ఖాళీ. తర్వాతి రేసువాళ్లు సిద్ధమవుతున్నారు. అయినా గట్టు దగ్గర నిలబడ్డ ఓ పెద్దావిడ ఒక్కతే గంట మోగిస్తూనే ఉంది. అతను సైకిల్‌ భుజానికెత్తుకుని ఎక్కాడు. నడిచాడనాలేమో, పరుగని అనడం కష్టం. పైకెళ్లి చూస్తే ఎర్రచొక్కా కనిపించింది కానీ అందలేదు.

అరగంట తర్వాత సైకిళ్లు కడిగే పైపు దగ్గర పెద్ద వరస. గోడకి అంటించిన ఫలితాల కాగితం మీద అరవై రెండో పేరు తనదే. మన్ను కొట్టుకుపోతుంటే కిందనుంచి రంగు బయటపడుతోంది. అతని ముందు నిలబడ్డవాడి చొక్కా ఎర్రదే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

‘‘ఇంతకీ నీ టైర్లలో గాలి ఎంత?’’ అనడిగాడు అరవై రెండోవాడు.