ఆరోగ్య సలహాలు: నరం ముక్క తీస్తే కాలు పోతుందా?

ప్రశ్న: మా చిన్నాయనకు 48 ఏళ్లు. శెనక్కాయ చేలో నడుస్తూంటే ఎడమకాలి చెప్పు జారిపోయినా తెలియటంలేదు. ముల్లు దిగినా నొప్పిలేదు. నాలుగు నెలలుగా పాదం వేలాడుతున్నది. చక్కెర జబ్బు లేదు, ఒంటిమీద మచ్చలూ లేవు. నరం ముక్క తీసి పరీక్షించాలని డాక్టరుగారన్నారు. నరం కోస్తే కాలు పోతుందని మా అవ్వ ఏడుస్తున్నది. ఒప్పుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, యాడికి

జవాబు: ఒప్పుకోవచ్చును. అవ్వగారి భయం ‘నరం’ అనే మాటలోనే ఉన్నది. రక్తం పారే గొట్టాన్నీ నరమంటాం. కండను ఎముకకు కట్టే తాడునూ నరమంటాం. స్పర్శను మెదడుకు చేర్చేదాన్నీ నరమే అంటాం. డాక్టరుగారు చెప్పింది ఈ మూడోది. సాధారణంగా తీసేది చీలమండ వెనుక, బయటివైపున ఉండే సూరల్ నరం. అది స్పర్శను మోస్తుందిగాని కాలిని కదిలించదు. అక్కడ మాత్రమే మత్తు సూది ఇచ్చి, సుమారు 3, 4 సెంటీమీటర్ల ముక్క తీస్తారు. నడక పోదు. అయితే పాదం బయటి అంచున కొంతమేర మొద్దుబారటం నిలిచిపోవచ్చు. కొందరికి కొన్నాళ్లు నొప్పి కూడా ఉంటుంది. ఇది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

ఇంతకూ ఈ పరీక్ష ఎందుకు? తిమ్మిరి ఒకటే అయినా కారణాలు అనేకం. చక్కెర, బి12 లోపం, సారా — వీటిని రక్తపరీక్షలతో, రోగి చెప్పే సంగతులతో పోల్చుకోవచ్చు. వాటికి సాధారణంగా నరం కొయ్యనక్కరలేదు. కరెంటు పెట్టి చేసే పరీక్ష ఏ నరం ఎంత చెడిందో చెబుతుందిగాని, ఎందుకు చెడిందో చాలాసార్లు చెప్పలేదు. అది సూక్ష్మదర్శినిలో చూడాలి.

మచ్చలు లేకుండా నరాలకే పరిమితమై వచ్చే కుష్ఠు ఉన్నది. ముక్కకు ప్రత్యేకమైన రంగు వేస్తే అందులో ఎర్రని సూక్ష్మజీవులు కనిపించవచ్చు. మరికొందరిలో నరానికి రక్తమిచ్చే సన్నని నాళాల గోడలు వాచి చెడి ఉంటాయి. ఇంకొందరిలో నరపు పోగు చుట్టూ ఉల్లిపాయ పొరలవంటివి ఏర్పడతాయి. పైతొడుగు మళ్లీమళ్లీ చెడి, మళ్లీ పెరుగుతున్నదని దాని అర్థం.

పేరు తెలిస్తే లాభమేమిటంటారా? నాళాల వాపుకు స్టెరాయిడ్లు వెంటనే కావాలి. కుష్ఠులో అవే ఒంటరిగా ఇస్తే నొప్పి తగ్గినా క్రిములు మిగులుతాయి. దానికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స ఉన్నది. ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. 2005 డిసెంబరు నాటికి కుష్ఠు పదివేలమందిలో ఒకరికంటే తగ్గిందని మన దేశం ప్రకటించింది. తగ్గటం వేరు, పోవటం వేరు.

ఒక్క జాగ్రత్త: ముక్కను చదివేదెవరో ముందే అడగండి. హైదరాబాదు నిమ్స్, బెంగుళూరు నిమ్హాన్స్, వేలూరు సి.ఎం.సి. వంటిచోట్ల ఇందులో అనుభవజ్ఞులున్నారు. జబ్బు నరమంతటా సమానంగా ఉండదు గనుక, ముక్క బాగున్నంతమాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

ఈలోగా చిన్నాయనగారిని రోజూ సాయంత్రం అరికాళ్లు చూసుకోమనండి. చెప్పులు తొడిగేముందు లోపల తడిమి చూడాలి. పాదం వేలాడకుండా పట్టీ అడగండి. చెడిన నరం తిరిగి కోలుకోవటం చాలా నిదానం. పరీక్షకు ఇంకా ఆలస్యం చెయ్యకండి.