మోరీ మనది, చెయ్యి ఎవరిది? (9వ భాగం)



పేట్ బషీరాబాద్, కొంపల్లి, సుచిత్ర వైపు అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే విద్యార్థులకు ఈ మాట బాగా తెలుసు: "మోరీ మళ్లీ జామయింది, ఆ డ్రైనేజీ అబ్బాయికి ఫోన్ చెయ్." ఆ అబ్బాయికి యాభై ఏళ్లుంటాయి. ఏసీ బాగుచేసేవాడు టెక్నీషియన్, లిఫ్టు చూసేవాడు ఇంజినీర్, మోరీ తీసేవాడు మాత్రం చచ్చేదాకా అబ్బాయే. ఆయన కులం ఏమిటని ఎవరూ అడగరు. అడగాల్సిన పనే లేదని అందరికీ తెలుసు.

అసలు నెలనెలా ఎందుకు జామవుతుంది? బిర్యానీ గిన్నెలో మిగిలిన నూనె సింకులో పోస్తే పైపులో చల్లబడి గడ్డకడుతుంది. దానికి టీ పొడి, మెతుకులు అంటుకుంటాయి. బాత్రూంలో వెంట్రుకలు, ఆపైన ఫ్లష్ చేసిన ప్యాడ్లు. పైపుకు వాలు చాలకపోతే ఇవేవీ ముందుకు కదలవు. దీనికి పెద్ద విద్యేం అక్కర్లేదు. సింకుకు ఒక జాలీ పెట్టాలి, నూనె గిన్నెను పాత పేపరుతో తుడిచి కడగాలి. అప్పుడప్పుడు సింకు కింద బకెట్ పెట్టి, ట్రాప్ విప్పి కడుక్కోవాలి. యాసిడ్ మాత్రం పోయొద్దు. అది పోయాక కూడా నీళ్లు కదలకపోతే, ఆ యాసిడ్ నీళ్లలో చెయ్యి పెట్టేది ఆయనే.

మరి బీటెక్ చదివినవాడు ట్రాప్ ఎందుకు విప్పడు? బైకు చైన్ విప్పి మోచేతిదాకా గ్రీజు పూసుకుంటాడు కదా! తన ఇంటి ఎంగిలే, తన ఒంటి మురికే. పైపులోకి దిగగానే అది ఇంకో కులం పని అయిపోతుంది.

"డబ్బులిస్తున్నాం, ఇష్టపడే దిగుతున్నాడు" అంటారు అసోసియేషన్ పెద్దలు. సార్లూ, 2013 చట్టం 7వ సెక్షన్ చదవండి. రక్షణ పరికరాలు, యంత్రాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడం నేరం. మున్సిపాలిటీకే కాదు, దింపిన ఎవరికైనా వర్తిస్తుంది. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్. ఆయన ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రశ్నే అందులో లేదు.

2016 ఆగస్టులో మాదాపూర్ మ్యాన్‌హోల్‌లో నలుగురు పోయారు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో ఇద్దరు. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో చేతులతో మురుగు తీయించొద్దని ఆదేశించింది. ఇరుకు సందుల్లోకి పోయే మినీ జెట్టింగ్ యంత్రాలు 70 జలమండలి 2017లోనే రోడ్డెక్కించింది, అవీ దళిత పారిశ్రామికవేత్తల చేతుల మీదుగా. యంత్రం లేదన్న సాకు ఇక చెల్లదు. మనిషి చవగ్గా దొరుకుతున్నాడు, అదీ సంగతి.

ఈ నెల మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లేచి అడగండి: చాంబర్ నిండితే ఎవర్ని పిలుస్తున్నారు? యంత్రం కోసం జలమండలి 155313కి ఎన్నిసార్లు ఫోన్ చేశారు? వచ్చిన జవాబులు కింద రాయండి. సెప్టిక్ ట్యాంకర్ల సంగతి వచ్చే భాగంలో.