తలుపు మూసిన దేశంలో ప్రపంచ మహాసభా?

గణితానికి సరిహద్దులు లేవని వేదికలెక్కి చెప్పే పెద్దలను ఒక మాట అడుగుతున్నాను. ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి మహిళ అంటూ 2014లో మీరు నెత్తిన పెట్టుకున్న మరియం మీర్జాఖానీ ఏ దేశం బిడ్డ? ఆ ఇరాన్‌తో సహా 12 దేశాల పౌరులకు అమెరికా 2025 జూన్‌లో తలుపు మూసేసింది. అయినా 2026 అంతర్జాతీయ గణిత మహాసభకు ఫిలడెల్ఫియానే పట్టుకుని వేలాడారు.

ఇలా అవుతుందని ఎవరు అనుకున్నారంటారా? 2017 జనవరిలో ఏడు దేశాలవారిని అమెరికా తన విమానాశ్రయాల్లో ఆపేసినప్పుడు మీరెక్కడున్నారు? వేదిక మార్చడం కుదరదంటారా? అబద్ధం. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడిన కొద్ది రోజులకే సెయింట్ పీటర్స్‌బర్గ్ మహాసభను ఆన్‌లైన్‌కు మార్చారు. మంచి పని చేశారు. మాస్కో మీద లేచిన ఆ గొంతు వాషింగ్టన్ పేరెత్తేసరికి ఎందుకు పడిపోయింది?

రాలేనివాళ్లకు లింకు పంపితే చాలంటారా? పరిశోధకుడి బతుకు మలుపు తిరిగేది ఉపన్యాసంలో కాదు, టీ విరామంలో కలిసే పరిచయాల్లో. ఆ సంగతి మీకూ తెలుసు.

వెన్నెముక ఉన్నవాళ్లు ఏం చేస్తారో ఎయిడ్స్ రంగం చూపించింది. 1987లో హెచ్‌ఐవీ ఉన్నవారిని రానివ్వనంది అమెరికా. 1990 శాన్‌ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సును ఎన్నో సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన సదస్సు ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలింది. 2010లో నిషేధం ఎత్తేశాకే, 2012లో అది మళ్లీ అమెరికా గడప తొక్కింది. కానీ అదే సదస్సు 2022లో కెనడాలోని మాంట్రియల్ వెళ్లింది. ఆఫ్రికా ప్రతినిధులెందరో వీసాలు రాక ఇళ్లలోనే ఉండిపోయారు, ప్రారంభ వేదిక మీదే నిరసన భగ్గుమంది. నిషేధమని చట్టంలో రాయక్కర్లేదు, వీసా కిటికీ దగ్గర ఫైలు కదలకపోతే చాలు.

మన ఇంటి సంగతీ చెబుతాను, తిట్టేవాళ్లు తిట్టండి. 2010లో ఇదే గణిత మహాసభకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. పహల్గాం ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మనం పాకిస్తానీయుల వీసాలు ఆపేశాం. దాడి చేసినవాడి నేరాన్ని లాహోర్‌లోని లెక్కల మాస్టారి మీద రుద్దడం న్యాయమా? రేపు హైదరాబాద్‌లో అంతర్జాతీయమని బ్యానరు కట్టేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

విదేశీ వృత్తిసంఘాల్లో ఓటున్న తెలుగు ఆచార్యులారా, డాక్టర్లారా, ఇంజనీర్లారా! గ్రీన్‌కార్డు గుర్తొచ్చి నోరు నొక్కుకుంటున్నారా? వచ్చే వేదికకు చెయ్యెత్తే ముందు, అక్కడికి ఏ దేశాల సభ్యులు రాలేరో ఆ జాబితా బల్ల మీద పెట్టమనండి. పెట్టనంటే ఓటెయ్యకండి. పెట్టాక కూడా ఆ ఊరే కావాలంటే, బ్యానరు మీద అంతర్జాతీయ అన్న మాట చెరిపెయ్యమనండి.