తెల్లకణము – మన ప్రయోగశాల

శరీరానికి కావలి కాయవలసిన తెల్లరక్తకణాలే అదుపు తప్పి విజృంభించుట ల్యుకేమియా. ఫోలిక్ ఆమ్లం లేనిదే ఆ కణాలు విభజన చెందవు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్ రూపొందింది. కణం మోసపోయి దానినే గ్రహిస్తుంది, విభజన ఆగుతుంది. ఆ మందుతో పసిబిడ్డల వ్యాధి కొంతకాలమైనా ఉపశమించిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. సుబ్బారావు ఆ యేడే కన్నుమూశారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల మన విద్యార్థులు తెల్లకణాన్ని పరీక్ష కోసం బొమ్మగా గీస్తారు. సూక్ష్మదర్శినిలో చూసినవారు అరుదు. తెలుగు బోధించే మాకెందుకీ గొడవ అనవచ్చు! వార్షికోత్సవపు షామియానా ఖర్చు తగ్గించి, కమిటీ పెద్దలు మరి రెండు సూక్ష్మదర్శినులు కొనవలెనని మా అభిప్రాయం. ప్రయోగశాల తాళంచెవి మాత్రం విద్యార్థులకు అందేచోట ఉండాలి.